ఆట

మూడు వేల ఆరొందల తొంభయ్యారు ముక్కలు.
పెట్టె మీద అంకె చూసి నూకరత్నం
"వీటితో ఇల్లే కట్టొచ్చు కదా" అంది.
ధర నేను చెప్పలేదు.
బోనస్‌లో సగమని తనే లెక్కేసుకుంది.
ఆ వారమంతా ఇంట్లో చేప వాసన లేదు.

ముక్కలు ఏరడానికి ఇడ్లీ రేకులు దింపాం.
ఒక్కో గుంటలో ఒక్కో జాతి.
నల్ల పిన్నులు పట్టుకుంటాయి,
బూడిద రంగువి తిరగనిస్తాయి.
శనగగింజంత గేరు, చింతపిక్కంత బుష్షు.
ఆదివారం పొద్దున్న ఇడ్లీ లేదు, ఉప్మా.

పగలు మర్రిపాలెం షెడ్డులో
రైలింజను పొట్ట విప్పుకుని నా ముందు పడుంటుంది.
దాని పిస్టన్ ఎత్తాలంటే క్రేను రావాలి.
గోళ్ళలో గ్రీజు చేరి ఇరవయ్యేడేళ్ళు.
రాత్రి అవే వేళ్ళు
పిస్టన్‌ని చిటికెన గోటితో తోస్తాయి.
పన్నెండు పిస్టన్లు,
పన్నెండూ కలిపి గుప్పెడు బొరుగుల బరువు లేవు.

కారుది పచ్చి జామకాయ రంగు.
సముద్రం ఇక్కడికి కనపడదు గానీ
దాని తడి కనపడుతుంది,
స్టిక్కర్ల అంచులు రాత్రికి రాత్రి ముడుచుకుంటాయి.
పుస్తకంలో ఒక్క అక్షరం లేదు, బొమ్మలూ బాణాలూ.
ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి
ముగ్గుచుక్కలు లెక్కపెట్టినట్టు కన్నాలు లెక్కపెట్టి
నాకంటే రెండు పేజీలు ముందుండేది.

నాలుగొందల పన్నెండో మెట్టు దగ్గర
గేరు మార్చి చూశాను.
ఒకటి. రెండు. నాలుగు.
మూడు లేదు.

స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి విన్నాను.
షెడ్డులో బేరింగు రోగం అలాగే పడతాను.
ప్లాస్టిక్ ఏమీ చెప్పలేదు.
కిటికీ అవతల ఇనప ఖనిజంతో గూడ్సు ఒకటి
పోర్టుకేసి పోతుంటే
అందులో ఒక చక్రం చదునైందని మాత్రం తెలిసింది.

"ఏటయింది?"
"పట్టేసింది."
"ఎక్కడ?"
ఎక్కడో తెలిస్తే
అర్ధరాత్రి ఇలా చెమటలు కక్కుతూ కూర్చుంటానా.

విప్పాం.
తొమ్మిది రాత్రులు కట్టింది ఒక్క రాత్రిలో విప్పాం.
ఎనభయ్యేడో పేజీలో బుష్షు ఒకటి.
నేను నొక్కిందే, బొటనవేలితో,
షెడ్డు అలవాటు కొద్దీ, ఇక కదలకూడదని.
ఆవిడ జడపిన్ను తీసి
దాన్ని గోరుమందం వెనక్కి లాగి
"కాస్త ఆటుండాలి కదా" అంది.

ఆట.
మేమూ ఆ మాటే అంటాం.
షాఫ్టులో ఆట ఎక్కువైందని రిజిస్టర్లో రాసి
సంతకం పెట్టి
బండ్లు ఆపించిన వాణ్ణి.
ఆట తక్కువైందని ఎన్నడూ రాయలేదు.
రాయడానికి అందులో గడి లేదు.

"ఎవరు నేర్పేరు నీకది?"
కుట్టుమిషను, అంది. బాబిన్ దగ్గర.
ఇరవై రెండేళ్ళు
వంటింటి పక్క గదిలో ఆ మిషను మోగుతూనే ఉంది.
ఊళ్ళో ఇంజన్లన్నిటికీ చెవి పెట్టాను.
దానికి పెట్టలేదు.

మళ్ళీ కట్టేసరికి వానలొచ్చాయి.
క్వార్టర్లో నేల ఎటు వాలిందో మాకు తెలుసు,
బియ్యం కడుగు ఒలికితే గుమ్మం వైపే పోతుంది.
అక్కడ పెట్టి, ఇలా ఒక వేలితో, వదిలాం.
పిస్టన్లు లేచి, కూర్చుని, లేచి,
మూడో గేరులో టికటిక టికటిక,
చీమకంటే కాస్త ముందుగా
వెళ్ళి నూకరత్నం చెప్పుకి తగిలి ఆగింది.

పెట్టెలో నాలుగు ముక్కలు మిగిలాయి.
అదనంగా వేస్తారట.
నాకు నమ్మకం లేదు,
బోల్టు మిగిలితే మేం ఇంజను కదలనివ్వం.
ఆవిడ వాటిని గుండీల డబ్బాలో వేసి
మూత పెట్టి
చేప తోమడానికి లేచింది.